తాంబరపు చదువుల దారి

చెన్నపట్టణము చూడబోవు మనవారు సముద్రతీరమును, కోవెలలను, పట్టుచీరల యంగళ్లను చూచి వత్తురు. బీచి స్టేషను మొదలు తాంబరము వఱకు పోవు విద్యుత్ రైలుదారిని చూడదగిన స్థలముగా నెవరును లెక్కింపరు. అది మనలను ఒకచోటి నుండి వేఱొకచోటికి చేర్చు సాధనమే కాని, తనకై తాను చూడవలసినది కాదని తలంతురు. గడచిన ఆషాఢమాసమున మేము మూడు దినములు ఆ దారినే అటు నిటు తిరుగవలసి వచ్చినది. ఏల తిరిగితిమో ముందు చెప్పెదము. తిరిగిన పిమ్మట మాత్రము, ఆడుపిల్లల చదువును గుఱించి యోచించు తల్లులు ఈ దారి చరిత్రమును కొంత తెలిసికొనుట మంచిదని మాకు తోచినది.

ఈ దారి పొడవు సుమారు 29 కిలోమీటర్లు, స్టేషనులు 18. ఉత్తరపు కొస యందు హార్బరు దాపున బీచి స్టేషను, దక్షిణపు కొస యందు తాంబరము. పూర్వ మిది సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ వారి మీటరు గేజి దారి. అనగా రెండు పట్టాల నడుమ ఎడము ఒక మీటరు మాత్రమే. దక్షిణ దేశమునకు పోవు బండ్లన్నియు ఈ దారినే పోయెడివి. 1908లో ఎగ్మూరు స్టేషను కట్టడము పూర్తియైనది. తరువాతి యిరువది యేండ్లలో పట్టణము దక్షిణముగా ప్రాకెను. మాంబళము చెఱువు ప్రక్కన త్యాగరాయనగరము వెలసెను. ఆ పేరు మన తెలుగువారైన పిట్టి త్యాగరాయశెట్టిగారిది. ఆ పేట నడుమనున్న తోటకు పెట్టిన పేరు మఱియొక తెలుగు ప్రముఖుడైన పానగల్లు రాజావారిది. ఇండ్లు దూరముగా పోయినకొలది ఆఫీసులకు, బడులకు వచ్చువారి తొందర హెచ్చినది.

బొగ్గుబండి యీ తొందరకు తగినది కాదు. అది కదలుటకు ముందు నీరు కాగవలెను, ఆవిరి కూడవలెను. స్టేషనులు ఒకదాని కొకటి కూతవేటు దూరమున నున్నచో, బండి వేగమందుకొను లోపలనే మరల ఆగవలసి వచ్చును. కొస స్టేషను చేరిన పిదప ఇంజనును విప్పి, రెండవ తట్టునకు తెచ్చి తగిలింపవలెను. ఈ చిక్కులు తీర్చుటకే విద్యుచ్ఛక్తిని తెచ్చిరి. మన దేశమున మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3వ తేదీన బొంబాయిలో నడచెను. ఆ భాగ్యము పొందిన రెండవ పట్టణము చెన్నపట్టణమే. 1931 ఏప్రిల్ 2వ తేదీన గవర్నరు సర్ జార్జి స్టాన్లీగారు బీచి–తాంబరము విద్యుత్ దారిని ప్రారంభించిరి. మే నెల 11వ తేదీ నుండి ప్రజలు టిక్కెట్టు కొని ఎక్కసాగిరి.

దీని పనితనము తెలిసికొనుట కష్టము కాదు. పట్టాల మీదుగా ఎత్తున నొక రాగితీగ సాగిపోవుచుండును. బండి నెత్తిమీద గొడుగుకమ్ముల వలె ముడుచుకొని విచ్చుకొను చట్రమొకటి యుండి, ఆ తీగను నిరంతరము తాకుచు శక్తిని క్రిందికి దించును. పెట్టెల అడుగున నున్న మోటారులు ఆ శక్తితో చక్రములను త్రిప్పును. ప్రత్యేకముగా ఇంజను లేదు. బండి రెండు కొసలయందును నడుపువాని గది గలదు. తాంబరము చేరగానే అతడు దిగి, రెండవ కొసకు నడచి పోయి కూర్చుండిన చాలును, బండి తిరుగు ప్రయాణమునకు సిద్ధము. మొదట నీ తీగలో 1500 వోల్టుల శక్తి ఒకే దిక్కున ప్రవహించెడిది, చేతిదీపపు బ్యాటరీలో ప్రవహించునట్లు. 1967లో దానిని మార్చి, మన యిండ్ల దీపములలో వలె దిక్కు మార్చుకొనుచుండు ప్రవాహమును 25,000 వోల్టుల బలముతో పంపసాగిరి. అంత బలముగా పంపినచో సన్నని తీగ చాలును. నడుమ నడుమ శక్తి నందించు కేంద్రములును తక్కువ చాలును.

భారతమున బాహుకుడు తోలిన రథము నుండి ఋతుపర్ణుని యుత్తరీయము జాఱిపడగా, ఆపుమని ఆ రాజు పలుకునంతలో రథము యోజనము దాటిపోయెనని చదువుకొన్నాము. ఈ బండి గొప్పతన మట్టి వేగమున లేదు. వెంటనే ఆగుట, వెంటనే కదలుట, ఒకటి తప్పిన కొలది నిమిషములలో మఱియొకటి వచ్చుట, ఇవియే దీని గుణములు. ఇంటి పనులు తెలిసిన స్త్రీలకు ఈ గుణముల విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక కాలేజీ మాట. 1837లో జాన్ ఆండర్సను అను స్కాట్లండు మిషనరీ చెన్నపట్టణమున నొక పాఠశాల స్థాపించెను. 1862లో వచ్చిన విలియం మిల్లరుగారి చేతిలో అది పెద్ద కళాశాలయై, మద్రాసు క్రైస్తవ కళాశాల యను పేరు వహించెను. దాని భవనములు హైకోర్టు కెదురుగా, ఇరుకు వీథుల నడుమ నుండెడివి. మన సర్వేపల్లి రాధాకృష్ణయ్యగారు తత్త్వశాస్త్రము చదివినది ఆ పాత భవనములలోనే. వారికి బోధించినవారిలో ఏ. జి. హాగ్ గారొకరు. విద్యార్థులు పెరిగిరి, చోటు పెరుగలేదు. కావున కాలేజీని పట్టణము వెలుపలికి మార్ప నిశ్చయించి, తాంబరమున సేలయూరు అడవినేలలో చోటు పొంది, స్విట్జర్లండు దేశీయుడైన శిల్పి హెన్రీ షెట్టీ చేత కట్టడములు కట్టించిరి. హాగ్ గారే ప్రిన్సిపాలుగా నున్న 1937వ సంవత్సరము జనవరి 30వ తేదీన గవర్నరు ఎర్‌స్కిన్ ప్రభువు క్రొత్త కళాశాలను తెఱచిరి. పాఠశాల పుట్టి సరిగా నూఱేండ్లు.

ఇచ్చట మేము గమనించిన దేమనగా, పాత కాలేజీ ఈ రైలుదారి ఉత్తరపు కొసకు దగ్గఱ. క్రొత్త కాలేజీ దక్షిణపు కొసకు దగ్గఱ. ఒక కొసనుండి మఱియొక కొసకు విద్యాలయము కదలెను. కాని కదలుటకు ఆఱేండ్లు ముందుగనే తీగ వచ్చి యుండెను. అడవిలో కట్టిన కళాశాలలో హాస్టలు పిల్లలే కాక, పట్టణమున తమ యింట భుజించి, ఉదయము పోయి సాయంకాలము తిరిగివచ్చు పిల్లలును చదువ గలుగుట కీ దారియే యాధారమైనది. 1939లో ఆ కాలేజీ స్త్రీలను గూడ చేర్చుకొనెను.

మేము తిరుగుటకు కారణ మిది. మా చెల్లెలి కాపురము మాంబళములో. దాని పెద్దకూతురునకు ఈ యేడు తాంబరము కాలేజీలో వృక్షశాస్త్రము చదువుటకు సీటు దొరకినది. హాస్టలులో నుంచుటకు వారికి శక్తి లేదు. రైలున పంపుటకు మా చెల్లెలికి ధైర్యము లేదు. బండ్లలో త్రొక్కిసలాట, సాయంకాలపు చీకటి, వానాకాలము, ఒంటరి పిల్ల, అని దాని దిగులు. ఇంటికి సమీపమున ఏదో యొక చదువు చదివిన చాలదా యని అత్తగారి మాట. చేరుటకు గడువు నాలుగు దినము లుండగా మమ్ము రప్పించి, "అక్కా, నీవు దానితో పోయి చూచి రమ్ము. నీవు సరే యన్న సరే" అనినది. ఒకరి బిడ్డ చదువు మన నోటిమాట మీద నిలుచుట ఎంత బరువో ఆనాడు తెలిసినది.

మాకు చదువు మా తండ్రిగారి ప్రక్కన కూర్చుండియే వచ్చినది. భారత భాగవతములు, కావ్యములు కొన్ని, అమరము: ఇంత వఱకే; ఇంటి గడప దాటి యొక్క పాఠమును నేర్వలేదు. ఆ చదువునకు మేము చిన్నతనము చెప్పము. కాని ఆదిపర్వమున కచుడు స్వర్గము విడిచి శుక్రుని యింట వేయేండ్లుండి మృతసంజీవని నేర్చిన కథ చదివినప్పుడెల్ల ఒక సందేహము కలుగుచుండెను. ఆ యింటనే పుట్టి పెరిగిన దేవయానికి ఆ విద్య నేర్పినట్లు కథలో లేదు. దూరము పోగలిగినవానికే విద్య దక్కినది. మా యూరిలోను అంతే. హైస్కూలు దాటిన పిల్లలకు కాలేజీ పొరుగు పట్టణమున. ఉదయమొక బస్సు, సాయంకాలమొక బస్సు. అది చీకటిపడిన పిదప వచ్చుచున్నదని మా వీథిలోనే ముగ్గురాడుపిల్లలు చదువు మానిరి. వారికి తెలివి తక్కువయై కాదు, రెండవ బస్సు లేక.

మొదటి దినమున దారి మొత్తము చూడవలెనని బీచి స్టేషనునుండియే బయలుదేఱితిమి. కోటస్టేషను దాటగానే పార్కు స్టేషను. సెంట్రలులో దిగు మన తెలుగువారు వీథి దాటిన చాలు, ఇచ్చట నీ బండి నెక్కవచ్చును. దాపుననే మెడికల్ కాలేజీ. అది 1875లోనే స్త్రీలను చేర్చుకొన్నది. ఎగ్మూరు, చేత్‌పట్టు దాటిన తరువాత నుంగంబాక్కము. స్టేషను ప్రక్కనే 1925లో వెలసిన లయోలా కాలేజీ. ఆ పేటలోనే 1915లో స్థాపించిన స్త్రీల క్రైస్తవ కళాశాల. కోడంబాక్కమును గూర్చి మన చలనచిత్రముల నెఱిగినవారికి చెప్పనేల? తెలుగు చిత్రము లెన్నియో అచ్చటి స్టూడియోలలో పుట్టినవి. మాంబళము తరువాత సైదాపేట. 1856లో స్థాపించిన, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు కళాశాల ఇచ్చట గలదు. పంతులుగారి యిల్లాలమగుటచే ఆ స్టేషను పేరు వినగానే మాకు నమస్కరింప బుద్ధియైనది.

గిండీలో 1794లో సర్వే పాఠశాలగా పుట్టిన ఇంజనీరింగు కాలేజీ గలదు. అచ్చట విద్యుచ్ఛాస్త్రము చదివి 1943లో పట్టభద్రురాలైన అయ్యలసోమయాజుల లలితగారు మన తెలుగింటి యాడపడుచు. పదునెనిమిదేండ్లకే భర్తను పోగొట్టుకొని, ఒడిలో పసిబిడ్డ యుండగా ఆమె చదువునకు పూనుకొనెను. తండ్రిగారైన పప్పు సుబ్బారావుగారు ఆ కాలేజీలోనే ఆచార్యులు. వారు వెన్ను కాచిరి. ఆడువారికి ఇంజనీరు పట్టా నిచ్చు అలవాటు లేనందున, అచ్చులోనున్న పురుషవాచకమును కొట్టివేసి స్త్రీవాచకమును చేతితో వ్రాసి యిచ్చిరందురు. తరువాత ఆమె విద్యుత్తును దూరదేశములకు గొనిపోవు తీగల పనిలో పేరు గాంచి, 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల మహాసభకు పోయెను. విద్యుత్ బండిలో కూర్చుండి గిండీ దాటునప్పుడు ఆమెను తలంపక పోలేము.

పరంగిమల, మీనంబాక్కము దాటి తిరుశూలమున విమానములు నెత్తిమీదుగా దిగుచుండును. పల్లావరపు కొండలో పల్లవరాజు మహేంద్రవర్మ తొలిపించిన గుహ గలదు. ఆ రాజు బిరుదములలో తెనుగు మాటలును గలవు. పిదప క్రోమ్‌పేట. అచ్చటి మద్రాసు టెక్నాలజీ విద్యాలయమును 1949లో సి. రాజముగారు తమ భవనము నమ్ముకొని స్థాపించిరి. తరువాత రాష్ట్రపతియైన అబ్దుల్ కలాముగారు విమానశాస్త్రము చదివిన దచ్చటనే. చేరుటకు వలసిన సొమ్ము లేకపోగా వారి యక్క జొహరాగారు తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి యిచ్చిరి. ఒక తమ్మునికై యొక అక్క చేసిన పని యిది. కూతుళ్లకై కూడ మనము చేయదగును గదా! తాంబరమునకు ముందటి స్టేషను శానటోరియము. క్షయరోగులకై డాక్టరు చౌరీ ముత్తుగారు 1928లో ఆరంభించిన చికిత్సాలయము పేరే ఆ స్టేషనునకు నిలిచినది.

తాంబరములో దిగి తూర్పునకు పోయిన కాలేజీ. లోన నడుగిడగానే ఎండ తగ్గినట్లు తోచును. రసాయనశాస్త్ర మధ్యాపనము చేసిన ఎడ్వర్డ్ బార్న్సుగారును, వారి భార్య ఆలిస్ గారును ఎండిన పొదల నేలలో చెట్లు నాటి పెంచిరి. నేడవి తోపులై యున్నవి. పొదల నడుమ చుక్కల జింకలు మేయుచుండును. మా పిల్ల ప్రతి చెట్టు కడను నిలిచి ఆకు త్రిప్పి చూచుచు, పేరు చెప్పుచు నడచినది. పుస్తకములో చదివిన ఆకును చెట్టున చూచినప్పటి దాని ముఖము మా చెల్లెలు చూడవలసినది.

రెండవ దినమున, మూడవ దినమున కాలేజీ వేళలకే మాంబళమునుండి పోయి వచ్చితిమి. ఉదయమున జనసమ్మర్దము బీచి వైపున కెక్కువ. మేము పోవునది తాంబరము వైపునకు గావున కూర్చుండ చోటు దొరకినది. ప్రయాణము అర్ధగంట పైచిలుకు. స్త్రీల పెట్టెలో పుస్తకములు పట్టిన పిల్లలు, మల్లెమొగ్గలు కట్టుచు పోవువారు, ఆఫీసుల యుద్యోగినులు. సాయంకాలము తాంబరముననే బండి బయలుదేఱుటచే తిరుగు ప్రయాణమునను చోటు గలదు. మూడవనాడు మేము కావలెననియే ఒక బండిని విడిచి చూచితిమి. మఱియొక బండి పది నిమిషములలో వచ్చినది. అట్లని కష్టములు లేవని కాదు. వానకు పట్టాలపై నీరు నిలిచిన దినమున బండ్లు ఆగును. వాకిలి కడ నిలుచుట ప్రమాదము. పట్టాలు దాటక వంతెన మీదుగనే పోవలెను. ఇవన్నియు పిల్లకు చెప్పితిమి. దానితో నిత్యము పోవు మాంబళపు పిల్లలు నలుగురి పేర్లును అదియే కనుగొనినది.

ఆ రాత్రి మా చెల్లెలికి "సరే" యని చెప్పితిమి. అత్తగారు వెంటనే ఏమియు ననలేదు. మఱునాటి ఉదయము పిల్ల అన్నపు డబ్బా ఎంత పెద్దది కావలెనని మాత్రమడిగిరి. గడువునకు ఒకదినము ముందు రుసుము కట్టిరి.

పాత మీటరు గేజి విద్యుత్ బండ్లు 73 ఏండ్లు సేవచేసి, 2004 జూలై 1వ తేదీతో సెలవు తీసికొన్నవి. ఇపుడు దారి యంతయు 1.676 మీటర్ల యెడముగల పెద్ద పట్టాలదే. పెట్టెలు వెడల్పు, జనమును ఎక్కువ పట్టును. 2025 ఏప్రిల్ నుండి చల్లగాలి పెట్టెల బండియు నడచుచున్నది. ఉత్తరమున ఇట్టి విద్యుత్ బండ్లు వేఱు దారిని మన సూళ్లూరుపేట వఱకు వచ్చుచున్నవి. ఆ తట్టు తల్లులును ఈ మాటలు గమనింతురు గాక.

చదువుకొను బాలికలకు ఇంటినుండి విద్యాలయమునకు పోయి వచ్చుటకు, డిగ్రీ చదువు ముగియు వఱకు, రెండవ తరగతి నెలవారీ సీజను టిక్కెట్టు రుసుము లేకుండ నిచ్చు నియమము మన రైల్వేలలో గలదు. కాలేజీ వారి ధ్రువపత్రము వలయును. ఈ సంగతి తెలియక సొమ్ము వెచ్చించువారును, సొమ్ము లేదని చదువు మాన్పించువారును గలరు. కావున పిల్లకు కాలేజీ వెదకునప్పుడు అది ఎన్ని మైళ్ల దూరమని మాత్రమే యడుగక, అచ్చటికి బండి గలదా, ఒకటి తప్పిన మఱియొకటి ఎప్పుడు వచ్చునని కూడ అడుగుడు. ఆపై ఒకటి రెండు దినములు పిల్లతో మీరే పోయి చూడుడు. పెట్టెలో కూర్చుండి చూచిన భయము, ఇంట కూర్చుండి తలంచిన భయమంత పెద్దది కాదు.